వెన్న రాసిన భిన్నాలు

మూడో తరగతికి భిన్నాలు చెప్పబోయి నా పరువును నేనే ముక్కలు చేసుకున్న వైనం చెబుతాను. ఆ ముక్కలు సమానంగా కూడా లేవు.

కాకినాడ నుంచి దోహా వచ్చి, ఒక ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరుగా చేరిన మొదటి ఏడాది అది. నా పాఠం చూడడానికి ప్రిన్సిపాల్ మేడం వస్తారని కబురొచ్చింది. ఆవిడ తల ఊపితే ఉద్యోగం ఖాయం, లేకపోతే తిరుగు విమానం. పిల్లలు ఒక పూర్తి వస్తువును సమాన భాగాలు చేసి, సగం, పావు అంటే ఏమిటో చేత్తో తెలుసుకోవాలని పాఠ్యప్రణాళికలో ఉంది. కాగితం మడతపెట్టిస్తే సరిపోయేది. నా స్థాయికి కాగితమా? ఖుబూస్ తేవాలని నిర్ణయించాను. అది ఇక్కడి గుండ్రటి రొట్టె. భిన్నాల కోసమే పుట్టినట్టుంటుంది.

ముందురోజు సాయంత్రం మెసైమీర్‌లోని బేకరీ నుంచి రొట్టెలు తెచ్చాను. పొద్దున్నే వేడిచేసి, వెన్న రాసి, హాట్‌బాక్సులో సర్దాను. వెన్న ఎందుకంటారా? పాఠం పిల్లల మనసుకు హత్తుకోవాలని.

రంజాన్ మొదలైందని నాకు తెలియదనుకోకండి. బడి వేళలు మారాయి. ఉమ్ ఘువైలినాలో మా వీధి వీధంతా దీపాలు కట్టారు. నేను కూడా పగలు బయట మంచినీళ్లు తాగడం మానేశాను. ఇంత తెలిసినదాన్ని, ఎనిమిదేళ్ల పిల్లలు కూడా రోజా, అంటే ఉపవాసం, ఉంటారన్న ఒక్క సంగతి మాత్రం ఆలోచించలేదు.

మేడం వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు. ఆవిడ పక్కన షాహీన్ ఆపా, అంటే షాహీన్ అక్క. కరీంనగర్ ఆవిడ, చిన్న తరగతుల లెక్కలన్నిటికీ పెద్ద. నేను గొంతు చించుకున్నా ఆగని అల్లరి ఆపా కళ్లజోడు సవరించుకుంటే ఆగిపోతుంది.

నేను గారడీవాడిలా హాట్‌బాక్సు మూత తీశాను. పెళ్లివారి వంటశాల తలుపు తెరిచినట్టు వాసన గదంతా కమ్ముకుంది. ముందు వరుసలో అస్మా గుటక వేసింది.

"అస్మా, నువ్వు రా. దీన్ని సగం చెయ్యి. తర్వాత తినేయొచ్చు."

"టీచర్, నాకు రోజా," అంది అస్మా నెమ్మదిగా. "ఇదే మొదటిది."

"నాక్కూడా టీచర్."

"నాకూ."

చేతులు లేస్తూనే ఉన్నాయి. నేను ప్రశ్నలడిగినప్పుడు ఏనాడూ అన్ని చేతులు లేవలేదు. వెనకాల మేడం ఏదో రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ హాట్‌బాక్సు ఇంకాస్త పెద్దదైతే అందులో దూరి మూత పెట్టుకునేదాన్ని.

షాహీన్ ఆపా లేచి నా పక్కకు వచ్చింది. "ఏం గాదమ్మా, పరేషాన్ గాకు. పాఠం మంచిగనే ఉంది, టైమే గలత్ అయింది," అని నా చెవిలో చెప్పి, పిల్లల వైపు తిరిగి హిందీలో అడిగింది. "ఈ రొట్టెలు ఇఫ్తార్‌కి ఇంటికి తీసుకెళ్దాం. అస్మా, మీ ఇంట్లో ఎంతమంది?"

"నలుగురం."

"అందరికీ సమానంగా రావాలంటే?"

అస్మా రొట్టెను మధ్యకు మడిచింది, మళ్లీ మడిచింది, మడతల వెంట చింపింది. ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచులు కలిశాయో లేదో చూసుకుంది. అలా సరిచూసుకోమని నేను చెప్పలేదు.

తనూ ఒక రొట్టె అందుకున్న త్రిశూర్ పిల్ల లేఖకు రోజా లేదు. అయినా ఎవరూ చెప్పకుండానే తనూ ముక్క కొరకలేదు. "మా ఇంట్లో ముగ్గురం. మడత కుదరడం లేదు," అంది. అస్మా వెళ్లి, రొట్టె నడిమధ్య వేలు పెట్టి, అక్కడినుంచి అంచుకు మూడు గీతలు గీసి చూపించింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

మేడం కూడా లేచి వచ్చారు. "రెండు సగాలు కలిస్తే ఎంత?" అని రయ్యాన్ అనే పిల్లాడిని అడిగారు.

"ఒక రోజా, మేడం," అన్నాడు వాడు. "నిన్న మధ్యాహ్నం దాకా ఉన్నాను. ఇవాళ కూడా మధ్యాహ్నం దాకా ఉంటాను."

"కుదరదు," అంది అస్మా. "రెండు సగాలూ ఒకే రోజువి కావాలి."

సగాలు కలిపి ఒకటి కావాలంటే అవి ఒకే పూర్తి వస్తువువి అయి ఉండాలి. పై వారం ఎలా చెప్పాలా అని నేను తల పట్టుకున్న విషయం అదే.

రయ్యాన్ వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. "మరి నిన్నటి సగాన్ని ఏం చేయాలి?"

మేడం పెన్ను మూసేసి నవ్వారు. "ఏర్పాటు అధ్వానం," అన్నారు నా వైపు చూసి. "పాఠం అద్భుతం," అన్నారు పిల్లల వైపు చూసి. రెండూ కలిపి ఉద్యోగం నిలబడింది.

మేడం వెళ్లాక, "మీరు లేకపోతే ఈపాటికి విమానంలో ఉండేదాన్ని, ఆపా," అన్నాను.

"నేనేం జేసిన? పాఠం పోరగాళ్లు చెప్పిన్రు, మనం విన్నం," అంది ఆపా. తర్వాత గొంతు తగ్గించింది. "గని ఒక్కటి జెప్పు. ఆ వెన్న ఏ దుకాన్ల కొన్నవు? నాకు సుత రోజానే. క్లాసు అయ్యేదాంక పానం గుంజింది."

ఆ మధ్యాహ్నం ఖాళీ స్టాఫ్‌రూములో కుడిచెయ్యి చాపి నిలబడి గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను. ఎవరెవరు ఆకలితో కూర్చున్నారో కనుక్కోకుండా, దానివల్ల గణితశాస్త్రం ఎంత అభివృద్ధి చెందినా సరే, ఇక ఏ వేడి గిన్నె మూతా తీయను.