మూసిన తలుపు వెనక డాక్టరు చదువు

మొన్న జమ్మలమడుగులో కూతురింటికి వెళ్ళినప్పుడు దగ్గు పట్టుకుంటే ఆసుపత్రిలో చూపించుకున్నాను. అక్కడి కుర్ర డాక్టరు నా వీపు మీద ఎడమచెయ్యి ఆనించి కుడిచేతి వేలితో టకటకా కొడుతుంటే, దగ్గు సంగతి మరిచి, ప్రొద్దుటూరులో మా బట్టల అంగడి పైనున్న గదీ, అందులో నా మనవరాలూ గుర్తుకొచ్చారు.

కరోనా వచ్చి కాలేజీలు మూసేస్తే, డాక్టరు చదువు మధ్యలో ఆ పిల్ల ఇంటికొచ్చేసింది. పాఠాలన్నీ ఇక ఫోనులోనే అన్నారు. అంగడి నడుపుకునే ఇంట్లో మొదటి డాక్టరమ్మ కాబోతోంది కదా, మాకు ఆ చదువంటే భయమూ భక్తీ రెండూనూ. ఆమె తలుపు మూసిందంటే చాలు, పూజలో గంట కొట్టకూడదు, అన్నం కంచం గడప దగ్గర పెట్టి చప్పుడు కాకుండా వెనక్కి రావాలి. వాళ్ళమ్మ, మా కోడలైతే, దగ్గొచ్చినా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. కంచం సగం అన్నంతోనే తిరిగొస్తుంటే, పాపం ఎంత చదువుతోందో అనుకున్నాం.

నాదేమో ఏదైనా కళ్ళారా చూస్తే తప్ప ఊరుకోని బుద్ధి. రోగి లేకుండా వైద్యం ఎట్లా నేర్పుతారబ్బా అని ఒక మధ్యాహ్నం మెల్లగా తలుపు తోశాను. ఫోను తన పాటికి తాను ఇంగ్లీషులో మాట్లాడుకుపోతోంది, పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఏడుస్తోంది. పక్కన కూర్చుని తల నిమిరితే నోరు విప్పింది.

"మనిషిని ముట్టుకోకుండా డాక్టరు యాడయితానవ్వా? రేపు నా చేతిలో ఎవురన్నా పోతే? శానా భయమైతాంది, మానేస్తా. ఈ ఇంట్లో నాతో మాట్లాడేటోళ్ళు గూడా లేరు."

అయ్యో, ఆమె కోసమే కదా మేమంతా నోళ్ళు కట్టేసుకున్నది!

ఇంతకీ ఫోనులో ఏం చెబుతున్నారో నిజంగానే తెలుసుకుందామని అడిగాను. ఒంటి మీద వేలితో కొట్టి, లోపల గాలి ఉందో నీరుందో చప్పుడును బట్టి కనిపెట్టడమట. ఎంత విచిత్రం! అయితే నన్ను కొట్టవే అని ఎదురుగా కూర్చున్నాను. మొదట ఆమె వేలు వణికింది. వీపంతా అయ్యాక కుడి డొక్క మీద కొట్టి, "ఈడ డొల్లగా పలుకుతాంది, ఈడ మొద్దుగా... అవ్వా, ఇది నీ కాలేయం!" అని నవ్వింది. నా కాలేయం ఎక్కడుందో నాకూ అప్పుడే తెలిసింది.

మరునాటి నుంచి ఆ తలుపు మూయనివ్వలేదు. గంట మోగింది, కోడలు హాయిగా దగ్గింది, అందరమూ వంతులవారీగా వీపులు అప్పగించాం. బెంగ ఒక్కపూటలో పోలేదు, బస్సులు మళ్ళీ తిరిగాక కడపలో మనసుకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళాం, చదువు మాత్రం ఆగలేదు.

ఇప్పుడామె పులివెందులలో డాక్టరు, పలకరించే తీరిక లేదు. దగ్గొచ్చిందంటే ఫోనులోనే మందు చెప్పి పెట్టేస్తుంది. ఫోనులో వైద్యం రాదని ఏడ్చిన పిల్లేనా అని నవ్వుకుంటాను. మందు బాగానే పనిచేస్తుంది, నా వీపుకే ఆ వణికే వేలు కావాలనిపిస్తుంది.