చెప్పులకు లేసు కట్టిన రోజు

నడిరోడ్డు మీద కూర్చుని చేతికొచ్చిన గదిని పోగొట్టుకున్న మొనగాణ్ణి మీరు ఇంతకుముందు చూసి ఉండరు. తీరిగ్గా చూడండి, నేనే. నవ్వు ఆపుకోనక్కర్లేదు, మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఆపుకోవడం లేదు.

భూకంపం తర్వాత క్రైస్ట్‌చర్చ్ నగరాన్ని మళ్ళీ కట్టడానికి నాలాంటి ఇంజనీర్లు ఊరి నిండా దిగారు. పని దండిగా ఉంది, తలదాచుకోవడానికి గదులే లేవు. నేను మా శ్రీనుగాడి సోఫా మీద కాపురం పెట్టాను.

"ఆదివారం మా ఆవిడ దిగుతోందిరా. ఈలోగా నీ పక్క చుట్టేయ్" అన్నాడు వాడు.

వెతగ్గా వెతగ్గా ఒక ఇంట్లో గది దొరికేలా ఉంది. అక్కడ ఉండేది ఉల్రికె అనే జర్మన్ అమ్మాయి, బ్రాడ్ అనే అమెరికా కుర్రాడు. ఇద్దరూ ఒప్పుకుంటేనే గది.

ఉల్రికె నన్ను తిన్నగా చెత్తడబ్బాల దగ్గరికి తీసుకెళ్ళి క్లాసు పీకింది. "పెరుగు డబ్బా కడిగాకే ఇందులో వెయ్యాలి. సరేనా?"

"రూలంటే నాకు ప్రాణమండీ!"

ఆవిడ లోపలికి వెళ్ళగానే బ్రాడ్ వచ్చి, కడగని డబ్బాని చేతికందిన దాంట్లో పడేశాడు. "మరీ ఇన్ని రూల్సా? ఏమంటావ్?"

"నా నోట్లో మాట లాగేశావ్ బ్రదర్!"

ఏం చెయ్యను? ఇంటికి ఏ బంధువు వస్తే ఆ బంధువు మాటకి తలూపుతూ పెరిగినవాణ్ణి.

భోజనం చేస్తూ మాట్లాడుకుందామని ముగ్గురం బయల్దేరాం. దారిలో సిగ్నల్ దగ్గర, నడిచేవాళ్ళని ఆగమనే ఎర్ర బొమ్మ వెలుగుతోంది. రోడ్డు మీద పురుగు లేదు. బ్రాడ్ చకచకా దాటేశాడు. నేనూ వెనకే పడ్డాను. సగం దూరం వెళ్ళి చూస్తే ఉల్రికె ఫుట్‌పాత్ మీదే నిలబడి ఉంది.

"ఎర్రగా ఉంది!" అంది.

"అవునండీ, ఎంత ఎర్రగా ఉందో!" అని వెనక్కి తిరిగాను.

"కార్లేవీ? వచ్చెయ్!" అని బ్రాడ్ అరిచాడు.

"వచ్చేస్తున్నా!" అని ముందుకి తిరిగాను.

అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. ఇక లాభం లేదని, పచ్చ బొమ్మ వచ్చేదాకా నడిరోడ్డు మీద కూర్చుని బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాను. వేసుకొచ్చింది చెప్పులని తడుముకున్నాక తెలిసింది. అయినా కట్టడం ఆపలేదు.

అంతలో శిథిలాలు మోసే లారీ ఒకటి వచ్చి నా ముందు ఆగింది. డ్రైవర్ తల బయటపెట్టి, "ఏమన్నా పడిపోయిందా మేట్?" అని ఆప్యాయంగా అడిగాడు.

పరువు అని చెప్పలేక లేచి పక్కకి తప్పుకున్నాను.

పచ్చ బొమ్మ వెలిగాక ఉల్రికె దర్జాగా దాటి వచ్చింది. "ఎర్ర లైట్లో దాటేవాడితో ఎలాగో సర్దుకుంటున్నాను. మధ్యలో కూర్చునేవాడితో నావల్ల కాదు" అంది.

"నాదీ అదే మాట" అన్నాడు బ్రాడ్.

ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారట. నా ప్రాణం ఉసూరుమంది.

ఆదివారం శ్రీను భార్య దిగింది. సోఫా మీద నన్ను చూసి జాలిపడింది. "పాపం, ఉండనివ్వండి."

"కుదరదు, ఇవాళే వెళ్తున్నాడు" అన్నాడు వాడు.

"మీరు చెప్పండి అన్నయ్యా, ఉంటారుగా?"

"నువ్వే చెప్పరా, వెళ్తున్నావుగా?"

నా చేతులు వాటంతటవే లేసు కోసం కిందికి వెళ్ళాయి. ఈసారి కాళ్ళకి చెప్పులు కూడా లేవు.

అందుకే ఆ ఎర్ర బొమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. లేసులున్న బూట్లు వేసుకోకుండా ఈ జన్మలో ఏ ఇద్దరి మధ్యకీ వెళ్ళను.