వేపమండలు కట్టిన గడపలు

ఆదివారం పొద్దున ఫోనొచ్చింది, మా సిస్టరమ్మ పోయిందని. గుండెపోటట. వడమాలపేటలో ఒంటరిగా ఉండేది. పాలు పోసే ఆమె తలుపు తట్టేదాకా ఎవరికీ తెలియలేదు.

సిస్టరమ్మ నర్సు, నేను ఆశా కార్యకర్తను. పదకొండేళ్ళు ఆమె వెనక నడిచాను. రిటైరయ్యాక కూడా నాతో పల్లెలు తిరగడం మానలేదు. "ఇంట్లో గోడల్తో ఏం మాట్లాడేది మే?" అనేది.

మా వైపు జ్వరంతో పాటు ఒంటిమీద దద్దులు లేస్తే అమ్మవారు పోసిందంటారు. వాకిలికి వేపమండలు కట్టి, మందులు మానేస్తారు. కొన్నిసార్లు అది మేకల మీద, కుక్కల మీద ఉండే పిడుదులు కరిచి వచ్చే జ్వరం. వేళకు మాత్రలు పడితే తగ్గిపోతుంది, ఆలస్యమైతే ప్రాణం తీస్తుంది. సిస్టరమ్మ అమ్మవారిని ఒక్క మాట అనేది కాదు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, వేపమండలకు దండం పెట్టేది. "అమ్మను సూసేదానికే వచ్చినా. బిడ్డ అరచేతులు, అరికాళ్ళు ఒక్కతూరి సూపీమ్మా" అనేది. అక్కడా దద్దులుంటే పిడుదు జ్వరమని అనుమానించి, నేరుగా ఇంటి వెనక మేకల దొడ్లోకి నడిచేది. "జరాన్ని ఒంట్లో ఎతికితే సాలదు మే, దొడ్లో గూడా ఎతకాల."

పాత క్యాలెండరు వెనక ఊరి పటం గీసి, జ్వరమొచ్చిన ప్రతి ఇంటికీ ఎర్రచుక్క పెట్టేది. చుక్కలన్నీ గుట్టవైపు, మేకలున్న ఇళ్ళ దగ్గరే గుమిగూడేవి. అది చూపించబోతే ఆరోగ్యశాఖ ఆఫీసుల్లో టీ ఇచ్చి పంపేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది, ఆమె నవ్వి పటం మడిచి సంచిలో పెట్టుకునేది. ఒకసారి నేను మేక చెవిలోంచి పిడుదును పీకి, అందరిలాగే గోటితో నలపబోతే, ఆ రసంతోనే జ్వరం అంటుకుంటుందని చెయ్యి పట్టి లాగింది. ఆ రోజు తిట్టిన తిట్లు ఇంకెప్పుడూ తిట్టలేదు.

ఇంత పట్టుదల దేనికని అడిగాను.

"నా కూతురికి జరమొస్తే మా అత్త వేపాకు కట్టింది. సదువుకున్నదాన్నే మే నేను. నాలుగు దినాలు గమ్మునున్నా."

ఆ బిడ్డ దక్కలేదని నాకప్పుడే తెలిసింది. అయినా నేను ఓదార్చలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆమె దివసాలు ముగిసిన మరునాడు, గుట్ట కింద ఒకింటికి వేపమండలు కట్టి ఉన్నాయి. లోపల పాపకు నాలుగు రోజులుగా జ్వరం.

"సిస్టరమ్మ రాలేదా?" అంది వాకిట్లో ముసలామె.

చెప్పులు విడిచి, వేపమండలకు దండం పెట్టాను. "నేనే వచ్చినానవ్వా."

ముసలామె పక్కకు జరిగి దారిచ్చింది. పాప అరికాళ్ళ నిండా దద్దులే. తల్లినీ బిడ్డనూ తిరుపతి ఆసుపత్రికి ఆటో ఎక్కించి, చెప్పుల కోసం వెనక్కి వచ్చాను. గడప పక్కన నావి ఒక్క జతే ఉన్నాయి.