అత్త పెట్టిన జపాను శ్రావణం

ఆషాఢం సగం దాటాక ఒకరోజు ఘుగ్గుస్ నుంచి చిన్నప్పటి నేస్తం ప్రశాంత్ ఫోన్ చేశాడు. మా మేనత్త పోయిందట. పొద్దున చాయ్ తాగి, గడప మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయిందని చెప్పాడు. తర్వాత మెల్లగా, "సావనం మోపైతున్నది గదా" అన్నాడు. నాకు ఏడుపు అప్పుడొచ్చింది.

శ్రావణం పేరెత్తితే ఒక మేనత్త కోసం అంత ఏడవడం ఎందుకో మీకు చెప్పాలి. అత్త పేరు ఏ పత్రికలోనూ రాలేదు. మహారాష్ట్రలో రాజురా వైపు పత్తి చేలల్లో పెరిగింది. చంద్రపూర్ దగ్గరి ఘుగ్గుస్ బొగ్గు గని కాలనీకి డంపర్ డ్రైవర్ భార్యగా వచ్చింది. కేబుల్ టీవీ, రంగురంగుల కూల్‌డ్రింకులు, బ్యాటరీ బొమ్మలు అన్నీ ఒక్కసారే చంద్రపూర్ బజారు మీద పడ్డ ఆ కాలంలో, క్వార్టర్ ముందుగదిలో వీడియో గేమ్ దుకాణం తెరిచింది. పాత రంగుల టీవీ ఒకటి, నాగపూర్ నుంచి మామ తెచ్చిన మిషన్ ఒకటి, అట్టపెట్టె నిండా గేమ్ క్యాసెట్లు. అదే దుకాణం. అత్తకు ఆడటం రాదు. ఎవరి వంతు ఎప్పుడు అయిపోయిందో మాత్రం ఆమెకు వంటింట్లో నుంచే తెలిసేది.

పిల్లలకు దూకే గేములు కావాలి, కాల్చే గేములు కావాలి. పెట్టె అడుగున కొన్ని క్యాసెట్లు ఎవరూ ముట్టనివి ఉండేవి. పెడితే తెర నిండా జపాను అక్షరాలు. అందులో ఒక మనిషి ఊరూరూ తిరుగుతాడు, కనిపించినవాళ్లతో మాట్లాడతాడు, మందులు కొంటాడు, కత్తి కొంటాడు, రాక్షసులతో కొట్లాడతాడు, మళ్లీ మాట్లాడతాడు. ఆ కథ ఒక పూటలో తెమిలేది కాదు, వారాలు పడుతుంది. మేం వాటిని మాటల క్యాసెట్లు అని పక్కన పడేశాం. అందరం మరాఠీ బడి పిల్లలం, తెలుగు రాతే రాదు. జపాను రాత ఎవరికి కావాలి?

ఇంతలో దుకాణానికి చిక్కొచ్చింది. పిల్లలు బడి ఎగ్గొడుతున్నారని, వంతుల కోసం తలలు పగలగొట్టుకుంటున్నారని కాలనీలో గోల మొదలైంది. కాలనీ సంఘం సెక్రటరీ మామూలు మనిషి కాదు. ఆయన వీధిలోకి వస్తే మేం ఆడుతున్న గోటీలు జేబులో వేసుకుని గోడలు దూకేవాళ్లం. ఆయన మీటింగు పెట్టి, కాలనీ క్వార్టర్‌లో దుకాణమేంటి, తీసెయ్యాల్సిందే అన్నాడు. పెద్దలంతా తలలూపారు. మామ కూడా ఊపాడు. గని ఉద్యోగి, పాపం, ఇంకేం చేస్తాడు?

ఆ రాత్రి మా అమ్మ, పోనీ వదిలెయ్యమ్మా అని నచ్చజెప్పబోయింది. అత్త బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా చెప్పిన మాట నాకింకా చెవిలో ఉంది. "చేన్ల మా నాయన చెప్పిన పని చేసిన, వదినా. ఇంట్ల ఈయన చెప్పిన పని చేసిన. ఇదొక్కటి నేను అనుకున్న పని. ఇడిచిపెట్ట."

మా దిక్కు శ్రావణ మాసమంతా పోతి చదువుతారు. సాయంత్రం ఒక ఇంట్లో అందరూ కూడతారు. ఒకరు గ్రంథం చదువుతారు, పక్కన ఇంకొకరు దాని అర్థం మామూలు మాటల్లో చెబుతారు, మిగతావాళ్లు వింటారు. నెలాఖరుకు కథ ముగించి అందరికీ భోజనాలు పెడతారు. అత్త పోయి సెక్రటరీ ముందు నిలబడింది. ఈ శ్రావణం మా ఇంట్లో పిల్లల పోతి అంది. కొట్లాటల గేములు బంద్, ఒకటే మాటల క్యాసెట్, కాలనీ పిల్లలంతా కలిసి, బడి అయ్యాకనే. శ్రావణం ఆఖరి రోజు వచ్చే ఎడ్ల పండగ పోలా నాటికి ఆ కథ ఒడ్డుకు చేరకపోతే తన చేత్తోనే తాళం వేస్తానంది. సెక్రటరీ నవ్వాడట. జపానోళ్ల కథ వీళ్లు ముగించేదా అని ధీమాగా ఒప్పుకున్నాడు.

మొదటి సాయంత్రం క్యాసెట్ పెట్టగానే, వీరుడికి పేరు పెట్టమని తెర నిండా అక్షరాలు వచ్చాయి. ఒక్కటీ తెలియదు. అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి తెరను పరీక్షగా చూసింది. "నాకు తెలుగు అక్షరాలు రావు, ఇవి రావు. రెండూ ఒకటే. సూసి పెట్టుకుందాం" అని, ఒకటి కొడవలిలా ఉందని ఎంచింది, ఒకటి చేపలు పట్టే గాలంలా ఉందని, ఒకటి నెత్తిన పెట్టుకునే చుట్టబట్టలా ఉందని. అలా మా వీరుడి పేరు కొడవలి, గాలం, చుట్టబట్ట. దాన్ని పలకడం ఎలాగో ఇప్పటికీ తెలియదు. మేం అతన్ని మనోడు అనేవాళ్లం.

ఆ పూటే కరెంటు పోయింది. మా కాళ్ల కింది బొగ్గుతో ఎక్కడెక్కడో దీపాలు వెలిగేవి, మా కాలనీలో మాత్రం సాయంత్రమైతే చీకటి. కరెంటు వచ్చేసరికి మనోడు మళ్లీ పుట్టాడు, మొదటి నుంచి మొదలు. ఆటను దాచుకునే దారి ఏదో ఉంటుందని వెతికి వెతికి, ఆటలోని ఊళ్లో గుడి పూజారితో మాట్లాడితే అది క్యాసెట్‌లో నిలుస్తుందని కనిపెట్టాం. అత్తకు అందులో వింతేమీ కనిపించలేదు. గుడిల చెప్పుకున్నది యాడికి పోతదని అడిగింది.

రిమోటు ఎక్కువగా ప్రశాంత్ చేతిలో ఉండేది. అత్త ఆ నెలకు ఒక కొత్త నియమం పెట్టింది: గెలిచినోడు లేవాలె, ఓడినోడు కూసోవాలె. ఊళ్లోని గేమ్ దుకాణాలన్నిటిలో ఓడినవాడే లేస్తాడు, ఇక్కడ తలకిందులు. ఓడినవాడే కదా నేర్చుకోవాల్సింది అని ఆమె లెక్క. వంతు కోసం కొట్లాటలు ఎటు పోయాయో పోయాయి. అర్థం చెప్పే పని నాకప్పగించింది. అప్పటిదాకా ఆడపిల్లలం కిటికీ బయటి నుంచే చూసేవాళ్లం. నన్ను చేయి పట్టి లోపలికి తెచ్చి, టీవీ పక్కన పీట వేసింది. నాకు తెలిసింది సున్నా. తోచింది చెప్పడమే. రాకుమారిని రాక్షసుడు ఎత్తుకుపోలేదని, పండగకు చీర పెట్టలేదని అలిగి తల్లిగారింటికి పోయిందని చెప్పాను. వాకిట్లో నిలబడి వింటున్న ఆడవాళ్లు మర్నాటి నుంచి లోపలికొచ్చి కూర్చున్నారు.

సగం శ్రావణం దాకా మనోడు బాగానే నడిచాడు. ఆ తర్వాత ఒక కోట దగ్గర ఆగిపోయాడు. గేటు మూసి ఉంది. గేటు పక్కన ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. అటువైపు పోతే తప్ప కథ కదలదు. మేం ఏం చేశామో తెలుసా? రోజులకు రోజులు కోటగోడ చుట్టూ తిరిగాం. ఎక్కడైనా కంత ఉందేమోనని ప్రతి రాయినీ గుద్ది చూశాం. గనిలోకి దొంగచాటుగా బొగ్గు ఏరుకోవడానికి పోయే పిల్లలం కదా! గేటు కాడ మనిషి ఉంటే వాడు చౌకీదారు, వాడి కంటపడితే లాఠీ, పోవాలంటే ఫెన్సింగు కింద కంత వెతకాలి. అది మా బుద్ధికి పుట్టుకతో వచ్చింది. ఆ ముసలాయన దరిదాపులకు మనోణ్ని పోనివ్వలేదు. ఆయన రాక్షసుడి మనిషని నేను అర్థం కూడా చెప్పేశాను.

పోలా దగ్గర పడింది. దుకాణం పోయినట్టేనని పిల్లల ముఖాలు వేలాడాయి. సెక్రటరీ ఆ దారిన పోతూ, ఏమయ్యా పోతి ముగిసిందా అని వెటకారంగా అడిగిపోయేవాడు. అప్పుడు అత్త పిండి చేతులతో వచ్చి తెర ముందు నిలబడింది.

"ఆ పెద్దమనిషి ఎవరు?"

చౌకీదారని చెప్పాం.

"ఆయనతోని ఎప్పుడన్న మాట్లాడిండ్రా?"

లేదన్నాం.

"మరి అడుగుండ్రి. అడిగితే పోయేదేంది?"

ప్రశాంత్ భయపడుతూనే మనోణ్ని ఆయన ముందుకు నడిపి బొత్తాం నొక్కాడు. ముసలాయన ఏదో పొడుగ్గా చెప్పాడు. తెర మీద అక్షరాలు వచ్చి పోయాయి, వచ్చి పోయాయి. తర్వాత ఆయన పక్కకు జరిగాడు. గేటు తెరుచుకుంది.

మేం వేసిన కేకకు పక్క క్వార్టర్ల వాళ్లు పాము వచ్చిందనుకుని కర్రలతో వచ్చారు. ఆ ముసలాయన అన్ని రోజులూ మేం వస్తామని చూస్తూ అక్కడే నిలబడ్డాడు. అత్త మాత్రం కేక వెయ్యలేదు. ఏదో ఆలోచిస్తూ చేతులు కడుక్కుని, నెత్తిన కొంగు వేసుకుని బయటికి పోయింది. తిన్నగా సెక్రటరీ ఇంటికి పోయిందని తర్వాత తెలిసింది. ఇన్ని రోజులు అందర్ని పిలిచిన, మిమ్ముల పిలవలే, తప్పు నాదే, రేపు పోతికి రాండ్రి అని చెప్పిందట.

ఆయన వచ్చాడు. తనిఖీకి వచ్చిన దొరలాగా తలుపు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. రెండో రోజు కుర్చీ ముందుకు జరిగింది. ఆ తర్వాత కుర్చీ వదిలి చాప మీదికే వచ్చాడు. మనోడు దెబ్బ తింటుంటే, మందు ఇయ్యిరా ముందుగాల మందు ఇయ్యి అని ప్రశాంత్ వీపు మీద చరిచేవాడు. నా అర్థంలో తప్పులు కూడా పట్టేవాడు. జపాను ఆయనకూ రాదు, నాకూ రాదు. మా ఇద్దరి వాదన వినడానికి జనం పెరిగారు.

పోలా రోజు మధ్యాహ్నం, బొబ్బట్లలాంటి పూరణ్ పోళీల వాసన మధ్య, మనోడు ఆఖరి రాక్షసుడితో తలపడ్డాడు. ప్రశాంత్ ఓడాడు, నియమం ప్రకారం కూర్చున్నాడు. మళ్లీ ఓడాడు, మళ్లీ కూర్చున్నాడు. కరెంటు పోకూడదని ఆడవాళ్లు మొక్కుకున్నారు. పోలేదు. రాక్షసుడు తెర మీద కరిగిపోయి, రాకుమారి వచ్చి మనోడి పక్కన నిలబడ్డప్పుడు అందరికన్నా ముందు లేచి చప్పట్లు కొట్టింది సెక్రటరీయే. "తాళం సంగతి ఇంకెవ్వలు ఎత్తొద్దు" అన్నాడు. అత్త అప్పుడు ఏడ్చింది. నేను చూశాను. ఏడుస్తూనే అందరికీ పోళీలు వడ్డించింది.

మర్నాడు తాన్హా పోలా. పిల్లలు చక్రాల చెక్క ఎద్దులను అలంకరించి వీధుల్లో లాగే రోజు. మా కాలనీ ఊరేగింపులో అన్నిటికన్నా ముందు నడిచిన ఎద్దు వీపు మీద బంతిపూల మధ్య ఒక గేమ్ క్యాసెట్ కూర్చుంది. సాస్తి నుంచి, బల్లార్‌పూర్ నుంచి చుట్టాలింటికి వచ్చినవాళ్లు అది ఏ దేవుడని అడిగితే, మనోడు అని చెప్పాం.

ఆ తర్వాత ఎన్నో శ్రావణాలు. ప్రతి ఏడాదీ ఎవరూ ముట్టని మాటల క్యాసెట్ ఒకటి ఎక్కడి నుంచో వచ్చేది. బల్లార్షా రైల్వే వాళ్లు మద్రాసు నుంచి తెచ్చేవారు, నాగపూర్ పాతసామాన్ల వాళ్లు అత్త కోసం దాచేవారు. పక్క కాలనీల పిల్లలు బస్సెక్కి వచ్చేవాళ్లు. కొన్ని కథలు ముగిశాయి, కొన్ని సగంలో ఆగాయి. ఏ కథలో ఏ గేటు ముందుకు వచ్చినా మేం ముందు మనిషిని పలకరించేవాళ్లం. కంప్యూటర్లు, ఫోన్లు వచ్చాక దుకాణం మెల్లగా ఖాళీ అయింది. దానికి అత్త బాధపడలేదు. తాళం వేసింది కాలం, తను కాదు.

నేను తెలుగు రాయడం నేర్చింది ఆదిలాబాద్‌కు కోడలిగా వచ్చాక. పలక మీద 'అ' దిద్దినప్పుడు సిగ్గనిపించలేదు. తెలియని అక్షరాల ముందు కూర్చోవడం నాకు అత్త ఇంట్లోనే అలవాటైంది. ఇప్పుడు రాసిన ఈ నాలుగు ముక్కలు ఆమె చదవగలిగేది కాదు. ఎవరైనా చదివితే, పక్కన కూర్చుని నేను అర్థం చెప్పేదాన్ని.

దశదినం అయ్యాక, శ్రావణం మొదటి సాయంత్రం ఆ ముందుగదిలోనే కూడాం. ప్రశాంత్ ఇప్పుడు గనిలో బొగ్గు తోడే షవెల్ యంత్రం నడుపుతాడు, జుట్టు నెరిసింది. సెక్రటరీని మనవరాలు చేయి పట్టి తీసుకొచ్చింది. పాత మిషన్‌ను ఎవరో బాగుచేయించారు. క్యాసెట్ ఊది పెట్టాం. తెర వెలిగింది, మనోడు లేడు. లోపలి బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, దాచుకున్నదంతా చెరిగిపోయింది. సెక్రటరీ కళ్లద్దాలు సర్దుకుని, "ఓడినోళ్లు కూసోవాలె గదా. కూసోండ్రి" అన్నాడు.

చాప మీద అందరం సర్దుకున్నాం. ప్రశాంత్ రిమోటు నా చేతికిచ్చాడు. తెర నిండా అక్షరాలు, పేరు పెట్టమని అడుగుతున్నాయి. నేను కొడవలి వెతికాను. గాలం దగ్గరికి వచ్చేసరికి అందరి వేళ్లూ ఒకేసారి లేచి దాన్ని చూపించాయి. చివరికి చుట్టబట్ట పెట్టి బొత్తాం నొక్కాను. మనోడు తన ఇంటి గడప మీద నిలబడి ఉన్నాడు.