సొరుగులో ఉంచిన సర్టిఫికెట్

తొమ్మిదేళ్ళపాటు ఇది ఎవరికీ చెప్పలేదు. నా జూనియర్‌కు కావలసిన ఒక కాగితాన్ని నా సొరుగులోనే పెట్టుకుని, కోర్టుకు పంపించానని ఆమెతో అబద్ధం చెప్పాను. చాలాకాలం దాన్ని పొరపాటు అనుకున్నాను. పొరపాటు కాదు.

నేను రాజమండ్రిలో ప్లీడరును. ఆమె పేరు సువార్త అనుకోండి. మండపేట దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. తండ్రి రైస్ మిల్లులో బస్తాలు మోసేవాడు. నల్లకోటు వేసుకున్న మర్నాటి నుంచే కేసులు వస్తాయని వాళ్ళింట్లో అనుకున్నారు. నా దగ్గర ఆమెకు దొరికింది వేరు. ఫైళ్ళు పట్టుకుని నా వెనక నడవడం, వాయిదాలు అడగడం, నేను సంతకం పెట్టే దావాలు రాయడం. మూడేళ్ళు చేసింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు కావాలి. ఉందని సీనియర్ రాసివ్వాలి, దాని మీద జడ్జిగారి సంతకం పడాలి. ఆమె ఎదురుచూసింది దానికోసమే.

ఒక సోమవారం ఆ కాగితం నా బల్ల మీద పెట్టింది. శుక్రవారం దరఖాస్తుకు ఆఖరు. నేను సొరుగులో వేశాను. బుధవారం అడిగింది.

“సార్, సర్టిఫికెట్ అండి...”

“నిన్ననే పంపించేశానమ్మా, జడ్జిగారి సంతకానికి.”

“నేనెళ్ళి ఒకసారి కనుక్కోనా అండి?”

“వద్దు, బాగోదు. రేపు జడ్జివి కావలసినదానివి, ఆ మాత్రం ఓపిక లేకపోతే ఎలా?”

నవ్వింది. నేనూ నవ్వాను. శుక్రవారం సాయంత్రం, కోర్టు ఆఫీసులో ఆలస్యమైందట అన్నాను. నమ్మింది. మళ్ళీ పరీక్ష ఎప్పుడో తెలియదు, సంపాదన లేకుండా అంతవరకు ఆగే స్తోమత వాళ్ళింట్లో లేదు. కొన్ని నెలలకు రావడం మానేసింది.

ఎందుకు చేశాను? పని తెలిసిన మనిషి పోతుందని, అని చెప్పుకునేవాణ్ణి. అది సగమే. మిగతా సగం రాయడానికి రెండు రోజులు పట్టింది. మా పొలాల్లో కోతలకు వచ్చేవాళ్ళు ఉండే పేటలాంటి పేట నుంచి వచ్చిన అమ్మాయి రేపు పైన కూర్చుంటే, నేను కింద నిలబడి తల వంచి మాట్లాడాలి. అది నాకు నచ్చలేదు. అంతే. ఇంత చిన్నదా ఒక మనిషి జీవితాన్ని ఆపింది? లేక నాకు ఇప్పటికీ అది చిన్నదిగానే కనిపిస్తోందా? తెలియదు. బాధపడాలని ప్రయత్నిస్తే ఏమీ రావడం లేదు. చెయ్యి తిమ్మిరెక్కినట్టు ఉంది.

ఈ మధ్య కొత్త జూనియర్ ఒకామె అదే సర్టిఫికెట్ తెచ్చింది. సంతకం పెట్టాను. నిమిషం కూడా పట్టలేదు.

మర్నాడు మండపేట వెళ్ళాను. తండ్రి పనిచేసిన మిల్లులోనే, ఆఫీసులో లారీలకు బిల్లులు రాస్తోంది సువార్త. ఎదురుగా నిలబడి అంతా చెప్పాను, ఆ రెండో సగంతో సహా. ఆమె రాయడం ఆపలేదు. బిల్లు చింపి డ్రైవరుకిచ్చి, అప్పుడు అంది.

“మా నాన్న ఇప్పటికీ నన్నే అంటాడండి. సార్ పంపించాక ఎందుకాగుతుంది, నువ్వే వెంటపడి తిరగలేదు అని. ఆయనకి చెప్పండి.”

క్షమించమని అడగబోయాను. అప్పటికే తర్వాతి లారీ నంబరు రాసుకుంటోంది. అడగలేదు.

వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పెద్దాయన నన్ను చూసి కంగారుగా కండువా సర్దుకున్నాడు. “అయ్యగారూ, మీరొచ్చారేంటండి” అన్నాడు. మెల్లగా చెప్పడం మొదలుపెట్టాను. ఆయనకు వినపడలేదు. చెవి నా వైపు తిప్పాడు. గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పక్కింటి అరుగు మీది ఆడవాళ్ళు మాటలు ఆపేశారు.

“తప్పు మీ అమ్మాయిది కాదండి. నాది.”

ఆయన చెవి ఇంకా నా వైపే తిప్పి ఉంచాడు. సరిగ్గా వినపడిందో లేదో తెలియలేదు. ఇంకోసారి, ఇంకా గట్టిగా చెప్పాను.