గుంపులో గోవిందా

శ్రీరామమూర్తి మాస్టారి గొంతుకి మండపేటలో ఉన్న పేరు, ఆయన చెప్పిన లెక్కలకి లేదు. రామాలయం భజనలో ఆయన గొంతెత్తితే హార్మోనియం వాయించేవాడు చేతులెత్తేసేవాడు. పెద్దమనిషికి మొహం మీద చెప్పలేక ముందు చేతికి తాళాలిచ్చి కూర్చోబెట్టారు. తాళమూ తప్పుతుంటే ప్రసాదం పంచే పని అప్పగించారు. భార్య వరహాలక్ష్మికి ఆపాటి మొహమాటం కూడా లేదు. "ఆపండి బాబూ, పాలు విరిగిపోతాయి" అనేది.

అయినా ఆయనకి పాడాలని ఉంది. చచ్చేలోగా ఒక్కసారైనా నలుగురితో గొంతు కలిపి, ఎవరూ వెనక్కి తిరిగి చూడకుండా, ఒక పాట పూర్తిగా పాడాలని ఉంది.

అందుకే సినిమా హాలులో బృందగానం, అందరూ పాడవచ్చు అన్న పోస్టరు చూడగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. హాలు యజమాని అచ్చిబాబు బావమరిది రాసిన గోదావరి కీర్తనట. పాట ముందే వాట్సాప్‌లో వచ్చింది. మాస్టారు పెరట్లో నిలబడి బట్టీ పట్టారు. హాలు నిండా జనం పాడుతుంటే తన గొంతు ఎవడు పట్టుకుంటాడు? గుంపులో గోవిందా!

ఆదివారం పొద్దున్న హాలు నిండింది. పాటకంటే ముందు సన్మానాలు మొదలయ్యాయి. మనవైపు శాలువా లేని సభ ఉంటుందా? పాట రాసిన బావమరిదికి కప్పారు. జ్యోతి వెలిగించినాయనకి కప్పారు. ఆయనకి అగ్గిపెట్టె అందించినాయన చిన్నబుచ్చుకుంటాడని ఆయనకీ కప్పారు. కప్పించుకున్న ప్రతివాళ్లూ కలిసి పాడటంలోని గొప్పదనం గురించి విడివిడిగా మాట్లాడారు.

ఎట్టకేలకు తెర మీద పాట పడింది. మాస్టారు కళ్లు మూసుకుని ఎత్తుకున్నారు. పల్లవి హాయిగా సాగింది. చరణంలోకి వచ్చాక, ఇంతమందిలో తన గొంతు ఇంత స్పష్టంగా వినిపిస్తోందేమిటని అనుమానమొచ్చి కళ్లు తెరిచారు.

హాలంతా ఫోన్లు. ఒక్క నోరూ కదలడం లేదు. బృందగానాన్ని వీడియో తీద్దామని అందరూ ఫోన్లెత్తారు. పాడితే వీడియోలో తమ గొంతే పడుతుందని అందరూ నోళ్లు మూసుకున్నారు. పక్కవాళ్లు పాడతారులే అని ఎవరి ధీమా వాళ్లది. ఇప్పుడా ఫోన్లన్నీ మాస్టారి వైపే తిరిగి ఉన్నాయి.

ఆయనకి సిగ్గుతో ఒళ్లంతా చెమట పట్టింది. పాట ఆగిపోయింది. మిగిలిన శాలువా పట్టుకుని అచ్చిబాబు పరుగెత్తుకొచ్చాడు.

"ఆగిపోయారేంటండి మాస్టారూ? బెమ్మాండంగా వస్తుంటేనూ! వచ్చే నెల మీ ఒక్కరి చేతే కచేరీ పెట్టించేస్తానండి."

"ఒక్కణ్ణీ పాడుకోవడానికి మా పెరడుంది బాబూ" అన్నారు మాస్టారు. "నలుగురితో కలిసి పాడదామని వచ్చాను."

పక్క సీట్లో వరహాలక్ష్మి ఫోను కూడా పైకే ఉంది. ఆవిడ మొగుడి మొహం చూసింది. ఫోను సంచిలో పడేసింది.

"ఏవండీ, చరణం ఎక్కడ ఆపారు?" అంది.

ఆయన చెప్పారు. ఆవిడ అందుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ పాడగా మాస్టారు వినడం అదే మొదలు. తన గొంతే నయమని తెలిసింది. పట్టలేని సంతోషంతో ఆయన ఇంకాస్త గట్టిగా అందుకున్నారు.