అసిరమ్మకి కుట్టిన జేబు

రెండు వేల పద్దెనిమిదో సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. శ్రీకాకుళంలో పాత బస్టాండు దగ్గర సందులో నాది ఒంటి గది కుట్టుకొట్టు. ఒక మిషను, ఒక కటింగ్ బల్ల, ట్రయల్ చూసుకోడానికి మూలన ఒక పరదా. ట్రయల్ అంటే సగం కుట్టిన బట్ట ఒంటి మీద వేసి చూడటం. జాకెట్లు, లంగాలు, చీరలకి ఫాల్ వెయ్యడం నా పని. నలభై దాటాక వయోజన బడిలో అక్షరాలు దిద్దిన దాన్ని. అంతకుముందు ఎవరి కొలతలు వాళ్ళ పేరున కాగితం ముక్కకి గాట్లు పెట్టి దాచేదాన్ని. ఇన్నేళ్ళలో ఎంతమందికి ఏమేం కుట్టానో గుర్తు లేదు గాని, అసిరమ్మకి కుట్టిన ఒక్క లంగా మాత్రం ఇప్పటికీ అతుకు అతుకూ గుర్తుంది.

అసిరమ్మది సముద్రం ఒడ్డు ఊరు. తెల్లారేసరికి ఒడ్డున వేలంపాటలో చేపలు పాడుకుని, ఐసు పెట్టెల్లో సర్దించి, వ్యాన్‌లో విజయనగరం బజారుకి తీసుకెళ్ళి అమ్మే మనిషి. గొంతు ఎలాంటిదంటే, ఆమె పాట మొదలెడితే మగవాళ్ళు కూడా చెవులు మూసుకుని తప్పుకునేవాళ్ళు. రెండేళ్ళ కిందట వలల తగువులో ఆమె తమ్ముణ్ణి అదే ఒడ్డున ఇద్దరు అన్నదమ్ములు కొట్టి చంపేశారు. చూసినవాళ్ళు చాలామందే. సాక్ష్యం చెప్తానన్నది అసిరమ్మ ఒక్కతే. అన్నదమ్ములు బెయిల్ మీద బయటికొచ్చి, ఒక పొద్దున్న దారిలో ఆమె వ్యాన్ ఆపి అద్దాలు పగలగొట్టారు. కోర్టు గుమ్మం ఎక్కితే తమ్ముడి దగ్గరికే పంపిస్తామన్నారు.

ఆ తరవాత కొన్ని నెలలకి నా కొట్టుకొచ్చింది. వచ్చీ రాగానే నన్ను పరదా వెనక్కి లాక్కెళ్ళింది. నన్ను అప్పా అంటుంది, మా వైపు అక్కని అలాగే పిలుస్తారు.

"అప్పా, నాకో లంగా కుట్టాల. ఎవలికీ సెప్పకూడదు."

"లంగాకి కూడా రహస్యమేటే? ఎవడైనా కొత్తోడు దొరికినాడేటి?"

"థూ, నీ నోరు పడ! పరాసికాలొద్దు." సంచిలోంచి తువ్వాలు చుట్టిన మూట తీసి బల్ల మీద పెట్టి విప్పింది. చిన్న రివాల్వరు. "గుళ్ళు లేవు. తీసేసి తెచ్చినాను."

"నా కొట్లోకి ఇదెందుకు తెచ్చినావే?"

"లైసెన్సు ఉన్నాదప్పా. పోలీసోళ్ళు ఇచారించి రాస్తే కలెక్టరాఫీసోళ్ళు ఇచ్చినారు. మిలట్రీలో పనిసేసిన మావ ఒకాయన పేల్చడం నేర్పినాడు. సంచిలో ఎట్టుకుంటే సంచే లాగేస్తారు. నా ఒంటికే ఉండాల. కానీ ఉన్నట్టు ఎవలికీ తెలకూడదు."

"తెలిస్తేనే మంచిది కదే. భయపడి దగ్గరికి రారు."

"భయపెట్టడానికి కాదప్పా. సాచ్చీకం సెప్పేదాకా బతకడానికి."

నాకు తుపాకీలంటే పడదు. ఆ మాటే మొహం మీద చెప్పాను. మరి ఏం పెట్టుకుని తిరగమంటావని అడిగింది. రోజూ ఒంటరి రోడ్డు మీద వ్యాన్‌లో వెళ్ళక తప్పని ఆడది. టేపు తీశాను.

పని చెప్పినంత సులువు కాదు. అది ముప్పావు కిలో ఇనుము. మామూలు లంగా బొందు మీద వేలాడదీస్తే మధ్యాన్నానికే ఒక పక్కకి జారిపోతుంది, నడుం కోసుకుపోతుంది. అందుకని బొందు తీసేసి నాలుగు వేళ్ళ వెడల్పున బెల్ట్ పీస్ వేశాను, అంటే నడుం చుట్టూ వచ్చే పట్టీ. దానికి డ్రిల్ క్లాత్ వాడాను. పోలీసోళ్ళ ప్యాంట్లకి వేసే మందపు గుడ్డ అది. జేబు లోపల గట్టి తోలు ముక్క పెట్టి కుట్టాను, పైనుంచి ఏం తగిలినా ట్రిగ్గర్ కదలకుండా. చెప్పులు కుట్టే మావ ఈ తోలెందుకని అడిగితే ఏదో అబద్ధం చెప్పాను. జేబు మూలల్లో బార్ ట్యాక్ వేశాను. బరువు లాగే చోట ముందుకీ వెనక్కీ దగ్గర దగ్గరగా వేసే కుట్టు అది. అసలు సరుకు మళ్ళీ నా కొట్టుకి తేవద్దన్నాను. పాత చెప్పు రబ్బరు దాని ఆకారంలో కోసి తెచ్చింది. దాంతోనే ట్రయల్స్ చూశాం.

మొదటిసారి కూర్చుంటే పిడి డొక్కలో గుచ్చుకుంది. రెండోసారి వంగితే పైకి తేలింది. ఐసు పెట్టెలు ఎత్తే మనిషి కదా, పదిసార్లు వంగి లెమ్మని చూశాను. మూడోసారి బొటనవేలితో తెరుచుకునే మూత వేశాను. చీర కట్టి, కొంగు వెనకనుంచి తెచ్చి కుడిపక్కన దోపితే ఆకూ వక్కా సంచి దోపుకున్నట్టే ఉంది. ఒడ్డున చేపలమ్మే ఆడవాళ్ళందరి నడుంకీ ఆ సంచి ఉంటుంది. ఎవరికి అనుమానం వస్తుంది?

నా పనితనానికి నేనే మురిసిపోయి, పాత అలవాటు కొద్దీ, "ఓ ఆకు ఇయ్యే" అంటూ ఆమె నడుం దగ్గర చెయ్యి పెట్టాను.

అసిరమ్మ గోడకి కొట్టుకునేంత జోరుగా వెనక్కి గెంతింది. ఉన్నది రబ్బరు ముక్కే. అయినా ఇద్దరికీ చెమటలు పట్టాయి.

మా ఒడ్డు ఆడవాళ్ళలో ఆకు కావాలంటే అడిగి ఊరుకోరు. ఎదుటిదాని నడుంలో చెయ్యి పెట్టి తీసుకుంటారు. చిన్నదాని నడుం పెద్దదానికి, పెద్దదాని నడుం చిన్నదానికి సొంతమే. ఒడ్డున రోజుకి ఎన్ని చేతులు పడతాయో.

"ఇప్పుడేటి సేస్తావే?"

"ఆకు మానేస్తాను. డాకటరు ఒద్దన్నాడని సెప్తాను. సంచే లేదంటే సెయ్యి పెట్టరు."

"పాలపళ్ళు ఊడిన కాడినుంచీ నవుల్తన్నావు. ఉండగలవేటి?"

"ఉండాల."

ఉంది. ఆకు మానేసింది. వరసైనవాళ్ళతో పరాసికాలకి పక్కపక్కన కూర్చోడం మానేసింది. గుంపులో దూరడం మానేసింది. నేను కుట్టింది ఒక జేబే గాని, ఆమె ఒక్కొక్కటిగా ఎన్ని విడిచిపెట్టిందో చూస్తూ వచ్చాను.

వానాకాలంలో ఒకరోజు జాకెట్టు కోసం వచ్చింది. అప్పుడే ఆ అన్నదమ్ముల తల్లి గురమ్మ మా సందులోంచి వెళ్తూ ఆమెని చూసి సరాసరి లోపలికి వచ్చేసింది.

"నా కొడుకులిద్దర్నీ జైల్లో ఎయ్యిస్తేగానీ నీకు కూడు దిగదేటే, ముండా?" అని చెంప మీద ఒక్కటేసింది. చప్పుడికి ఎదురుగా గాజుల కొట్టతను లేచి నిలబడ్డాడు.

పాత అసిరమ్మ అయితే గురమ్మ జుట్టు అసిరమ్మ చేతిలో ఉండేది. ఈ అసిరమ్మ రెండు అరిచేతులూ నా కటింగ్ బల్ల మీద పరిచి పెట్టింది. తల దించి, "ఎల్లిపో పిన్నీ. నీ కడుపుకోత నీది. ఎల్లిపో" అంది.

గురమ్మ థూ అని ఉమ్మి వెళ్ళిపోయింది. బయట ఎవరో నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏటే! ముప్పావు కిలో ఇనుము మోస్తా మాట పడతావేటే? చెంపదెబ్బ కూడా తింటావా?"

"అది మొయ్యబట్టే పడ్డానప్పా." అప్పటికీ చేతులు బల్ల మీదే ఉన్నాయి. "ఇది లేనప్పుడైతే నాను కలియబడొచ్చు. ఏటవుతాది? రెండు ఎంటికలు ఊడతాయి. ఇప్పుడు కలియబడితే పెనుగులాట్లో ఇది బయటడతాది. దాని సేతికెల్తే నాను సస్తాను. నా సేతికొస్తే అది సస్తాది. సెంపదెబ్బకి మనిసి సావాలేటప్పా?"

"మరింక ఎప్పుడు తీస్తావే దాన్ని?"

"పారిపోడానికి దారి లేనప్పుడు. దారున్నంతసేపూ అది నా కాడ లేదనే అనుకుంటాను. ఇది నడుంకి కట్టుకున్న రోజునే నా నోటికి తాళం ఏసుకున్నాను. కోపం వస్తాది. మనిసిని కదా. కోపం వచ్చినప్పుడు ముందు సేతులు రెండూ ఎక్కడో ఓ కాడ పెట్టేస్తాను, నాకే కనబడేలాగ."

నేను కోపిష్టి దాన్ని. తుపాకీ చేతికొస్తే మనిషి పొగరెక్కుతుందనే అనుకునేదాన్ని. కొందరికి ఎక్కుతుంది కూడా. ఈమె విషయంలో ఆ లెక్క తిరగబడింది. కత్తెర తప్ప ఏ ఆయుధం ఎరగని నాకన్నా, ఆ బరువు మోసే మనిషే నెమ్మదస్తురాలైంది.

లోకానికి అది తెలీదు కదా. వేలంపాటలో అసిరమ్మ గొంతు లేవడం లేదు, ఎవడు పోటీకొచ్చినా తప్పుకుంటోంది. భయపడిపోయిందనీ, కోర్టులో మాట మార్చేస్తుందనీ ఒడ్డంతా చెప్పుకున్నారు. ఆ ఊరి పైడమ్మ నా దగ్గరికి జాకెట్టు ఇవ్వడానికొచ్చి, "అసిరమ్మ పని అయిపోనాదప్పా. పిరికిముండ. తమ్ముడి సావు అమ్మేస్తాది" అంది.

నేను గుడ్డ కత్తిరిస్తున్నాను. కత్తెర ఆపాను.

"పిరికిదేటే అది? దాని నడుంకి ఏటుందో తెలిస్తే నువ్విలగ మాటాడవు."

"ఏటుందప్పా?"

అక్కడైనా ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. లైసెన్సు, లంగా, జేబు, అన్నీ చెప్పేశాను. ఆమె మీద ప్రేమతోనే చెప్పాను. ప్రేమతో చెప్తే మాత్రం చెప్పనట్టవుతుందా?

ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే బస్సెక్కి వాళ్ళ ఊరెళ్ళాను. ఇంటిముందు వల బాగుచేస్తోంది. చెప్పాను. నాకన్నా ముందే కబురు చేరిపోయింది.

తలెత్తలేదు. "నువ్వు బజార్లో నా బొందు ఊడదీసేసినావప్పా" అంది. తిడితే బాగుండును.

ఆ మర్నాటినుంచి ఒడ్డున ఆమె వస్తే దారి ఇచ్చేవారట. పాటలో ఎవరూ ఎదురు పాడరు. ఎవరూ నవ్వరు, ఎవరూ తిట్టరు. "నాను ఏ సేపని ఏలెట్టి సూపిత్తే అది నాకే ఒగ్గేస్తన్నారు. బందిపోటులాగున్నాది నా బతుకు" అని పైడమ్మతో అందట. దానికన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి పడింది. అసిరమ్మ తుపాకీ చూపించి జనాన్ని బెదిరిస్తోందనీ, లైసెన్సు రద్దు చెయ్యమనీ గురమ్మ మనుషులు స్టేషన్లో అర్జీ పెట్టారు. సాక్ష్యానికి ఇంక రెండు నెలలు కూడా లేదు. లైసెన్సు పోతే, ఆమె నడుంకి ఏమీ లేదని కూడా ఒడ్డంతా తెలిసిపోతుంది. కుట్టింది నేనే, ఊడదీసిందీ నేనే.

ఎవరూ పిలవకుండానే స్టేషన్‌కి వెళ్ళాను. జరిగింది చెప్పు, నేను రాస్తాను, నువ్వు వేలిముద్ర వెయ్యమన్నాడు రైటరు. స్టేషన్లో కాగితాలు రాసే కానిస్టేబులుని అలా అంటారు.

"వేలిముద్ర ఏల బాబూ? కాగితం ఇలా ఇయ్యి, నేనే రాస్తాను" అన్నాను.

ఒక్క పేజీ రాయడానికి పొద్దంతా పట్టింది. ఒత్తులు తప్పులు పోయినచోట కొట్టేసి మళ్ళీ రాశాను. అసిరమ్మ ఎవరికీ చూపించలేదనీ, రహస్యం బయటపెట్టింది నా నోరేననీ, గురమ్మ కొట్టిన రోజు ఆమె రెండు చేతులూ నా బల్ల మీదే ఉన్నాయనీ రాసి సంతకం పెట్టాను.

ఎస్సై చదివి, "నీ కొట్లో ఒక్కసారైనా నడుం మీద చెయ్యి వేసిందా?" అన్నాడు.

"లేదు బాబూ. చెయ్యి వేసింది నేను. ఆకు కోసం" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. విడమరిచి చెప్తే నవ్వు ఆపుకున్నాడు. గాజుల కొట్టతన్నీ పిలిచి అడిగాడు. అతనూ చూసింది చూసినట్టు చెప్పాడు. లైసెన్సు ఉండిపోయింది.

అసిరమ్మ రెండు రోజులు సాక్ష్యం చెప్పింది. ఆ రెండు రోజులూ రివాల్వరు ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేసి, కానిస్టేబులు తోడుగా కోర్టుకెళ్ళింది. అవతలి లాయరు ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా చూసింది ఒక్కటే చెప్పింది. మరుసటి ఏడు అన్నదమ్ములిద్దరికీ శిక్ష పడింది. నాకు తెలిసినంతలో ఆ రివాల్వరు ఆమె ఎన్నడూ ఎవరి మీదా తియ్యలేదు.

కుట్టుపని నేర్పేటప్పుడు కొత్తవాళ్ళకి ఇప్పుడు ఈ సంగతి చెప్తాను, పేర్లు లేకుండా. ఇక్కడ పెట్టిన పేర్లూ అసలువి కావు. మన దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు ఎవరి నడుం ఎంతో, ఎవరి ఒంటి మీద ఏ మచ్చ ఉందో మనకి తెలుస్తుంది. గుడ్డతో దాచేది సగమే, మిగిలిన సగం మన నోటితో దాచాలి. ఆ మనిషి ఎంత మంచిదో నలుగురికీ చెప్పాలని నోరు దురదపెట్టినప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. అసిరమ్మ తన కోపాన్ని అదుపులో పెట్టుకుంది. నేను నా అభిమానాన్ని పెట్టుకోలేకపోయాను.

ఆమె ఇప్పటికీ జాకెట్లు నా దగ్గరే కుట్టించుకుంటుంది. అప్పా అనే పిలుస్తుంది. లంగాలు మాత్రం ఇవ్వదు. మొన్నీమధ్య ట్రయల్ చూస్తుంటే కొంగు తొలిగి బెల్ట్ పీస్ కనిపించింది. అన్నదమ్ములు లోపలున్నా వాళ్ళ మనుషులు ఒడ్డునే ఉన్నారు కదా. చేత్తో కుట్టుకుంది. జేబు ఏ పక్కకి మార్చిందో నేను చూశాను గాని మీకు చెప్పను. వంకర కుట్టు, దారం లావు, కానీ గట్టిగానే ఉంది. నా వేళ్ళు సూది కోసం ఊరికే కదిలాయి.

"చంక దగ్గర బిగువుందేటే?" అని మాత్రం అడిగాను.

"సరిపోనాదప్పా" అంది, కొంగు సర్దుకుంటూ.